చెవిలో రక్తం, ముక్కులో నీరు

(2026 జనవరి, రోడ్డు భద్రతా మాసం సందర్భంగా ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో తెలుగు కార్మికులు, డ్రైవర్లు, మాజీ సైనికుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం. సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి రాశాను.)

 

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. టెక్కలిలో ఇంటర్ పాసై, 1988లో ఆర్మీలో చేరాను. లక్నోలో ఆర్మీ మెడికల్ కోర్ సెంటర్‌లో నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగ్ చేశాను. ఇరవై ఎనిమిదేళ్లు పట్టీలు కట్టి, సూదులు పొడిచి, స్ట్రెచర్లు మోసి, 2016లో సుబేదార్‌గా రిటైరయ్యాను. మా అత్తవారిది మథురాకాటి. మామగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. అందుచేత నేనూ ఈ ఖరగ్‌పూర్ వాణ్ణే అయిపోయాను. ఇప్పుడు ఈ పార్కులోనే ఒక ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ గది చూసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పేది పుస్తకం చదివి చెప్పేది కొంత, పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి నేర్చుకున్నది కొంత, తప్పు చేసి నేర్చుకున్నది ఎక్కువ.

మనందరికీ తెలిసిన రోడ్డు గురించి మొదలుపెడతాను. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి మన ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. ఇక్కణ్ణించి బాలేశ్వర్, కటక్, బరంపురం దాటి మన ఇచ్ఛాపురంలో దిగుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడ అన్నీ దాని మీదే. అంటే మన పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే రోడ్డు మీద ఉన్నాయన్నమాట. ఒకప్పుడు మన తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే కూలీలుగా రైల్లో వచ్చారు. ఇప్పుడు పండక్కి పిల్లలు కారేసుకుని రాత్రికి రాత్రి బయల్దేరుతున్నారు. 2012 నవంబరు 2 తెల్లవారుజామున మన ఎర్రన్నాయుడు గారిని పోగొట్టుకున్నది కూడా ఈ రోడ్డు మీదే, రణస్థలం దగ్గర.

పోయిన డిసెంబరులో, అంటే నెల క్రితం, మన పార్కుకి తిరిగే మలుపు దగ్గర జరిగింది మీలో చాలామందికి తెలుసు. పొగమంచు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకి నలుగురు కుర్రాళ్లు పాత ఆల్టోలో వస్తున్నారు. దీపాలు లేకుండా పక్కన ఆగి ఉన్న లారీ వెనకభాగానికి గుద్దారు. వెనక కూర్చున్న ఒకడికి కాలు విరిగింది. వాడు కేకలు పెడుతున్నాడు కాబట్టి అందరూ వాడి చుట్టూనే ఉన్నారు. ముందు ఎడమ సీటులో కూర్చున్నవాడు మాత్రం తనంతట తాను నడుచుకుంటూ నా గదికొచ్చాడు. మథురాకాటి కుర్రాడే, నాకు వరసకి మేనల్లుడు. బెల్టు పెట్టుకోలేదు. తరవాత అడిగితే, "రెండు కిలోమీటర్లకి బెల్టేంటి మావయ్యా" అన్నాడు.

"నాకేం కాలేదు మావయ్యా, వాణ్ణి చూడు ముందు" అంటూ వచ్చాడు. మాట స్పష్టంగా ఉంది. నుదుటి మీద చిన్న గీత. కానీ ఎడమ చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి కారుతోంది. మా సెక్యూరిటీ తమ్ముడు పాపం మంచి మనసుతో దూది ఉండ చేసి ఆ చెవిలో పెట్టబోయాడు. ఇంకొకాయన మంచినీళ్ల సీసా మూత తీశాడు. నేను ఇద్దరినీ ఆపాను. ఎందుకు ఆపానో చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1996 నవంబరు. కొండల్లో ఒక చోటు, పేరు అనవసరం. నేను అప్పుడు నాయక్‌ని. మా ఎం.ఐ. రూమ్‌లో డాక్టర్ సాబ్ వేరే పోస్టుకి వెళ్లి ఉంటే ఉన్నది నేనొక్కణ్ణే. పార్వతీపురం వైపు కుర్రాడొకడు, వన్ టన్ డ్రైవరు, వయసు ఇరవై మూడు. మంచు మీద బండి జారి బండరాయికి గుద్దింది. నుదురు స్టీరింగుకి కొట్టుకుంది. ముక్కు నుంచి రక్తం వచ్చింది, ఆగిపోయింది. మర్నాటికి రెండు కళ్లచుట్టూ నల్లగా అయిపోయింది, కాటుక డబ్బా బోర్లించినట్టు. లంగర్‌లో అందరూ "ఎవడ్రా కొట్టింది" అని నవ్వారు. నేనూ నవ్వాను.

మూడో రోజు వచ్చి, "అన్నా, ముక్కు కారుతోంది, జలుబు చేసినట్టుంది" అన్నాడు. నేను సి.పి.ఎం. గోళీలు ఇచ్చాను, ఆవిరి పట్టుకోమన్నాను. అతను బల్ల మీద కూర్చుని వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. పాలిష్ చేసిన బూటు ముక్కు మీద టప్ టప్‌మని నీటిబొట్లు పడ్డాయి. తేటగా, కుళాయి నీళ్లలాగా. ఒక్క ముక్కుపుటం లోంచే. అది నేను చూశాను. చూసి కూడా చూడలేదు.

తొమ్మిదో రోజు జ్వరం, వాంతులు, మెడ వంగట్లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ ఒక రోజు ఆలస్యమైంది. మెనింజైటిస్, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలకి చీము పట్టే జబ్బు. బతికాడు. రెండు చెవులూ దాదాపు పోయాయి. మెడికల్ బోర్డు చేసి ఇంటికి పంపేశారు.

అతన్ని తీసుకువెళ్లిన ఆసుపత్రిలో న్యూరోసర్జన్ ఒక లెఫ్టినెంట్ కల్నల్ సాబ్. కేసు కాయితాలు చూసి, "ముక్కులో నీళ్లు మొదట చూసింది ఎవరు?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. తిట్టలేదు. "ఒక ముక్కా, రెండు ముక్కులా అని అడిగావా? ముందుకి వంగమని చూశావా? కళ్లచుట్టూ నలుపు చూశావా?" అన్నారు. చూశాను సాబ్ అన్నాను. "మూడూ చూసి జలుబు మందు ఇచ్చావు" అన్నారు, అంతే. తరవాత నన్ను అడిగి మరీ తన వార్డుకి వేయించుకున్నారు. నాలుగేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఈ రోజు నేను చెప్పే జ్ఞానమంతా ఆయన పెట్టిన భిక్ష.

ఇక అసలు విషయం. పుర్రె అంటే మనం పైకప్పు గురించే ఆలోచిస్తాం. పైకప్పు కొబ్బరిచిప్పలా గట్టిగా ఉంటుంది. కానీ మెదడు కూర్చునేది అడుగున. ఆ అడుగు ఒకే మందంలో ఉండదు. కళ్లపైన, ముక్కుపైన అప్పడంలా పలచగా ఉంటుంది. ముక్కుపైన ఉండే భాగం నిజంగానే జల్లెడ. వాసన తెచ్చే నరాల సన్న పోగులు ఆ చిల్లుల్లోంచి పైకి పోతాయి. చెవి లోపలి భాగమూ, ముఖాన్ని కదిలించే నరమూ పక్క ఎముకలో ఉంటాయి. మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు, కంటి నరాలు అన్నీ ఈ అడుగులో ఉన్న కంతల్లోంచే పోవాలి. అన్నిటికన్నా వెనక వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం. కంతలు ఎక్కువున్న గోడ ఎక్కడ పగులుతుందో మేస్త్రీలకి చెప్పక్కర్లేదు.

కారు గుద్దినప్పుడు కారు ఆగుతుంది, మనిషి ఆగడు. మొహం వెళ్లి డ్యాష్‌బోర్డుకో స్టీరింగుకో కొడితే ముందు భాగం పగులుతుంది. పక్కనుంచి గుద్దితే, తల కిటికీ పక్కనున్న స్తంభానికి కొడితే చెవి దగ్గర ఎముక పగులుతుంది. ఇంకొక రకం ఉంది, అది భయంకరం. తలకి దెబ్బే తగలక్కర్లేదు. ఒళ్లు బెల్టుతో ఆగిపోయి, తల ఒక్కటే విపరీతమైన వేగంతో ముందుకి విసిరినట్టయితే, మెడ పట్టుకున్నచోట పుర్రె అడుగు గుండ్రంగా ఊడినట్టు విరుగుతుంది. ఇది మామూలు రోడ్డు మీద తక్కువ, రేసు కార్లలో ఎక్కువ. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలో డేటోనా రేసులో ఆఖరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్ట్ అనే మహా డ్రైవర్ గోడకి గుద్ది చనిపోయింది పుర్రె అడుగు విరగడం వల్లే. 1994లో ఇటలీలోని ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ కూడా అంతే. దీనికి మందు కనిపెట్టింది ఒక బావా బావమరుదులు. 1981లో తమ స్నేహితుడొకడు ఇలాగే పోతే, జిమ్ డౌనింగ్ అనే రేసు డ్రైవరూ, రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ కలిసి హెల్మెట్‌ని భుజాలకి కట్టిపట్టే ఒక పట్టెడ తయారుచేశారు. దాన్ని హ్యాన్స్ అంటారు. చాలా ఏళ్లు ఎవరూ పెట్టుకోలేదు, మెడ పట్టేస్తుందని. ఎర్న్‌హార్ట్ పోయాక అదే ఏడాది అక్టోబరులో ఆ రేసుల్లో తల, మెడ పట్టే పరికరం తప్పనిసరి చేశారు. ఫార్ములా వన్‌లో 2003 నుంచి. ఈ రోజు చూస్తే రేసు డ్రైవర్లకి ఇలాంటి చావు అరుదైపోయింది.

ఇది విని మనవాళ్లు "చూశారా, బెల్టు వల్లే తల ఊడుతుంది" అనేస్తారని నాకు భయం. కాదు. మన వేగాలకి, మన కార్లకి బెల్టే రక్ష. బెల్టు లేకపోతే మొహమే బ్రేకు.

సరే, గుర్తులు. మొదటిది చెవిలోంచి, ముక్కులోంచి రక్తం. ముక్కు రక్తం ముక్కుకే దెబ్బ తగిలినా వస్తుంది. కానీ చెవి పైన గాయం లేకుండా చెవి రంధ్రం లోపల్నుంచి రక్తం వచ్చిందంటే, పుర్రె అడుగు విరగలేదని సి.టి. స్కాన్ చెప్పేదాకా విరిగిందనే అనుకోవాలి.

రెండోది నీరు. మన మెదడు ఒక తేటనీటిలో తేలుతూ ఉంటుంది. డాక్టర్లు సి.ఎస్.ఎఫ్. అంటారు. ఒంట్లో ఎప్పుడూ ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే, కానీ రోజుకి 500 దాకా ఊరుతుంది, ఇంకిపోతుంది. అడుగు పగిలి, పొర చిరిగితే ఈ నీరు ముక్కులోకో చెవిలోకో కారుతుంది. ఒకవైపే కారుతుంది. ముందుకి వంగితే ఎక్కువవుతుంది. వెల్లకిలా పడుకుంటే గొంతులోకి దిగి ఉప్పగా తగులుతుంది. రక్తంతో కలిసి వస్తే తెల్లగుడ్డ మీద మధ్యలో ఎర్రచుక్క, దాని చుట్టూ తేటనీటి వలయం ఏర్పడుతుంది. ఈ వలయం కన్నీళ్లు కలిసినా వస్తుంది, ఉమ్మి కలిసినా వస్తుంది, కాబట్టి అది అనుమానం మాత్రమే. నీరు పోయే దారి అంటే క్రిములు లోపలికొచ్చే దారి కూడా. మా పార్వతీపురం తమ్ముడికి జరిగింది అదే.

మూడోది కళ్లచుట్టూ నలుపు. రెండు కళ్లకీ, కంటిగుంట హద్దు వరకూ. అమెరికాలో రాకూన్ అనే జంతువుకి కళ్లచుట్టూ నల్ల చారలుంటాయట, దాని పేరు పెట్టారు. నాలుగోది చెవి వెనక గట్టి ఎముక మీద నీలం మచ్చ. దీన్ని బ్యాటిల్ సైన్ అంటారు. మేం ట్రైనింగులో ఇది యుద్ధంలో వచ్చే గుర్తు కాబోలు అనుకున్నాం! కాదు, విలియం హెన్రీ బ్యాటిల్ అని లండన్‌లో ఒక సర్జన్, 1890లో దాని గురించి చెప్పాడు. ఈ నల్లటి మచ్చల్లో ఒక మోసం ఉంది, గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇవి గుద్దిన వెంటనే రావు. కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో వస్తాయి. అంటే ఆసుపత్రిలో చూపించి ఇంటికొచ్చాక వస్తాయి. అప్పుడు చూసేది డాక్టరు కాదు, అమ్మ, భార్య. అందుకే ఆడవాళ్లని కూడా ఈ సభకి రమ్మని నేనే పట్టుబట్టాను.

ఇంకా వాసన తెలియకపోవడం, ఒక చెవి వినబడకపోవడం, మూతి ఒక పక్కకి పోవడం, రెండుగా కనబడటం, ఇవన్నీ నరాల లెక్కలు. మూతి వంకర దెబ్బ తగిలిన క్షణంలోనే వచ్చిందా, రెండు రోజులకి వచ్చిందా అనేది డాక్టరుకి చాలా ముఖ్యం. వెంటనే వస్తే నరం తెగి ఉండవచ్చు, మెల్లగా వస్తే వాపు వల్ల కావచ్చు. కాబట్టి టైము రాసి పెట్టండి, అరచేతి మీదైనా సరే.

చెయ్యకూడనివి ఎక్కువ, చెయ్యాల్సినవి తక్కువ. చెవిలో, ముక్కులో దూది కుక్కకూడదు. వచ్చేది రానివ్వాలి. శుభ్రమైన గుడ్డ పైన వదులుగా ఉంచండి చాలు. ముక్కు చీదనివ్వకూడదు, చీదితే గాలి పగుల్లోంచి మెదడు వైపుకి పోతుంది. నీళ్లు, టీ ఏదీ పట్టకూడదు. మనవాళ్లకి ఇది కష్టం. పడినవాడి నోట్లో నీళ్లు పొయ్యకపోతే పాపం తగులుతుందనుకుంటారు. స్పృహ తగ్గితే ఆ నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల దెబ్బ ఉందంటే మెడ కూడా విరిగిందనే లెక్క. కూర్చోబెట్టి ఊపకండి, ఆటోలో మడిచి తోయకండి. ఒకరు తలని రెండు చేతులతో ఒళ్లుతో సమంగా పట్టుకోవాలి. వాంతి వస్తే మనిషిని దుంగ దొర్లించినట్టు ఒకేసారి పక్కకి తిప్పాలి, రక్తం కారే చెవి కిందికి ఉండేటట్టు.

ఒక మాట మా కంపౌండర్ కులానికి, అంటే నర్సింగ్ పని చేసేవాళ్లకి. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ముక్కులోంచి ఏ గొట్టమూ వెయ్యొద్దు. అలా వేసిన గొట్టం పగిలిన జల్లెడలోంచి సూటిగా మెదడులోకి పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఫొటోలతో సహా ఉన్నాయి. అవసరమైతే నోట్లోంచే.

మళ్లీ మా మేనల్లుడి దగ్గరికి వద్దాం. చెక్కపలక మీద పడుకోబెట్టి, మెడకి కాలర్ వేసి, ఫ్యాక్టరీ అంబులెన్సులో తీసుకెళ్లాం. మొదట వెళ్లిన చోట, ఎక్కడో చెప్పను, ఎక్స్‌రే తీసి "ఫ్రాక్చర్ లేదు, మాట్లాడుతున్నాడు, రాత్రికి ఇంట్లో చూసుకోండి" అన్నారు. వాడూ లేచి చొక్కా వేసుకుంటున్నాడు. నేను బతిమాలాను. పుర్రె అడుగు విరుపులు మామూలు ఎక్స్‌రేలో చాలావరకు కనబడవు. అవి కనబడేది సి.టి. స్కాన్‌లో, అందులోనూ సన్న సన్న ముక్కలుగా, ఎముక కోసం ప్రత్యేకంగా చూసేటట్టు తీస్తేనే. "చెవిలోంచి రక్తం సార్, చెవి మీద గాయం లేదు" అని మూడుసార్లు అన్నాను. ఆ కుర్ర డాక్టరు మంచివాడు, చెవిలోకి లైటు వేసి చూశాడు. కర్ణభేరి వెనక నల్లగా రక్తం నిలిచి ఉంది. ఆయన మొహం మారిపోయింది. వెంటనే రాసిచ్చేశాడు.

స్కాన్‌లో రెండు చోట్ల పగులు. చెవి ఎముక దగ్గరొకటి, ముక్కుపైన జల్లెడ దగ్గర సన్నటిదొకటి. దాంతో పాటు పైన కొంచెం రక్తం. ఇక్కడ డాక్టర్లు మొదట చూసేది పగులు కాదు, లోపల రక్తం పెరుగుతోందా అని. దానికి జి.సి.ఎస్. అని ఒక లెక్క. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టారు. కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15 మార్కులు. ఏమీ లేకపోయినా 3 వస్తాయి. 8కి దిగితే ఊపిరికి గొట్టం వెయ్యాల్సిందే. మావాడికి 15కి 15. అయినా గంటగంటకీ లెక్క వేస్తారు. ఉదయం 15 ఉన్నవాడు సాయంత్రానికి 9 కావడం నేను నా కళ్లతో చూశాను. "మాట్లాడుతూనే ఉన్నాడండీ, నిద్రపోయాడు, లేవలేదు" అని ఇళ్లల్లో చెప్పుకునే కథలు చాలావరకు ఇవే. పగులు మెడ ధమని దారిలో ఉంటే రంగు మందు ఎక్కించి రక్తనాళాల స్కాన్ కూడా తీస్తారు.

మర్నాడు ముక్కులో నీరు మొదలైంది. అనుమానం తీరడానికి ఆ నీటిని బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పరీక్షకి పంపుతారు. ఆ పదార్థం మామూలు చీమిడిలో ఉండదు. పాతరోజుల్లో చక్కెర ఉందా అని పట్టీ ముంచి చూసేవాళ్లం, అది నమ్మకమైనది కాదని తేలిపోయింది.

చికిత్స అంటే అందరూ పుర్రె తెరుస్తారనుకుంటారు. వాళ్లమ్మ ఒకటే ఏడుపు, "బుర్ర కోస్తారా తమ్ముడూ" అని. చాలామందికి కొయ్యరమ్మా. తల వైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి పడుకోబెడతారు. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, దగ్గకూడదు, ముక్కకూడదు. మలబద్ధకం రాకుండా మందు ఇస్తారు. నవ్వకండి, ముక్కితే తలలో ఒత్తిడి పెరిగి చిరుగు మూసుకోదు. దెబ్బల వల్ల కారే నీరు ఎక్కువమందికి వారం పది రోజుల్లో దానంతటదే ఆగుతుంది. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అంటే, ఇచ్చినందువల్ల మెనింజైటిస్ తగ్గుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. మా కాలంలో అందరికీ ఇచ్చేవాళ్లం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు జ్వరం, మెడ బిగుసుకోవడం కనిపెట్టి చూస్తారు. "మందే ఇవ్వట్లేదు" అని వాళ్లతో తగువు పెట్టుకోకండి. న్యుమోకోకస్ టీకా మాత్రం ఇస్తారు. నీరు ఆగకపోతే నడుం దగ్గర సన్న గొట్టం వేసి ఒత్తిడి తగ్గిస్తారు. అప్పటికీ ఆగకపోతే ఆపరేషన్. ఇప్పుడు చాలావరకు ముక్కులోంచే దుర్బిణీ పెట్టి, రోగి ఒంటి పొరతోనే చిల్లు మూసేస్తున్నారు. నీరు ఆగిపోయినా నెలలకి, ఏళ్లకి మళ్లీ మెనింజైటిస్ రావచ్చు. అందుకని ఈ దెబ్బ తగిలినవాడు ఎప్పుడు జ్వరం, తలనొప్పి అని వెళ్లినా "నాకు పుర్రె అడుగు విరిగింది" అని డాక్టరుతో చెప్పాలి.

మనకి ఇక్కడ ఒక లెక్క ఉండాలి. కంసావతి దాటితే మెదినీపూర్ మెడికల్ కాలేజీ. కోల్‌కతా సుమారు 115 కిలోమీటర్లు, అక్కడ ఎస్.ఎస్.కె.ఎం., దాని పక్కన బాంగూర్ న్యూరో ఆసుపత్రి, మన ఫౌజీలకి అలీపూర్ కమాండ్ హాస్పిటల్. దగ్గర్లో ఎక్కడ సి.టి. పనిచేస్తోందో మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర రాసి ఉంచండి. ఊపిరి, రక్తం నిలబెట్టి, స్కాన్ తీసి, అప్పుడు పెద్దచోటికి. ఊపిరి సరిచెయ్యకుండా తిన్నగా కోల్‌కతా అని పరుగెడితే కోలాఘాట్ వంతెన మీద పోతారు. అలా పోయినవాణ్ణి నేను ఎరుగుదును.

మాజీ సైనికులకి ఒక ముక్క. ఇ.సి.హెచ్.ఎస్. ఉన్నవాళ్లు ఎమర్జెన్సీలో ప్యానెల్‌లో లేని ఆసుపత్రిలో చేరినా, 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కి తెలియజెయ్యాలి. ఆ కబురు పెట్టక లక్షలు పోగొట్టుకున్నవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. మిగతావాళ్లకి, 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ నగదురహిత చికిత్స పథకం ఉంది, రోడ్డు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు. 112కి ఫోన్ చేస్తే చాలు. పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాణ్ణి పోలీసులు వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రాశారు. కాబట్టి "మనకెందుకు సాక్ష్యం గొడవ" అని తప్పుకోకండి.

బెల్టు గురించి ఒక్కటే చెప్తాను. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు నల్గొండ జిల్లాలో కారు బోల్తాపడి, బయటికి విసిరివేయబడి, తలకి తీవ్ర గాయాలై చనిపోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆయన ఎవరు? వాళ్ల నాన్నగారి చైతన్యరథాన్ని రాష్ట్రమంతా నడిపిన మనిషి. డ్రైవింగ్ రాక పోలేదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ కారులో బెల్టు లేకుండా వెనక కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. వెనక సీటుకి బెల్టు అక్కర్లేదనేవాళ్లు ఇది ఆలోచించండి. బీప్ బీప్ మని గోల పెడుతోందని బెల్టుని సీటు వెనకనుంచి తిప్పి క్లిప్పు పెట్టేసేవాళ్లు మన పార్కింగులోనే ఉన్నారు. నేను పేర్లు రాసి పెట్టుకున్నాను, వాళ్లకి తెలుసు.

మన ఫౌజుకి సంబంధించిన సంగతి ఇంకొకటి. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియా అని పేరుపడ్డ మనిషి మోటార్‌సైకిల్ మీదనుంచి పడి తలకి దెబ్బతగిలి పోయాడు. అతన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఒకడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. సైన్యంలో మోటార్‌సైకిల్ మీద ఉత్తరాలు మోసే జవాన్ల తల దెబ్బలు లెక్కపెట్టి 1941లో రాశాడు. అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం వాళ్లకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఒక డాక్టరు కూర్చుని శవాల లెక్క రాస్తే మన నెత్తి మీదికి హెల్మెట్ వచ్చింది.

పార్వతీపురం తమ్ముడి గురించి అడుగుతారని తెలుసు. ఊళ్లో కొట్టు పెట్టుకున్నాడు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. 2009లో సెలవులో వెళ్లి కలిశాను. ఆ జలుబు గోళీల సంగతి, బూటు మీద నీటిబొట్ల సంగతి నోటితో చెప్తే అతనికి వినబడదు. కాయితం మీద రాసి ఇచ్చాను. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టీ తాగుతావా అన్నా" అన్నాడు. ఇప్పుడు వాట్సాప్‌లో రాసుకుంటూ ఉంటాం. ఈ ప్రసంగం కాగితం కూడా ముందు అతనికే పంపాను. "నా ఊరి పేరు రాసుకో, పరవాలేదు" అని జవాబిచ్చాడు.

మా మేనల్లుడు తొమ్మిదో రోజున ఇంటికొచ్చాడు. ముక్కు నీరు ఆరో రోజే ఆగింది. చెవి కొద్దిగా తగ్గింది, పరీక్షలు చేస్తున్నారు. బరువులు ఎత్తొద్దన్నారు, డ్యూటీ ఇంకా ఎక్కలేదు. వాసన మాత్రం రాలేదు. కొందరికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాదు. వాళ్లింట్లో గ్యాస్ పొయ్యి దగ్గరికి వాణ్ణి ఒంటరిగా పోనివ్వడం లేదు, గ్యాస్ లీకైనా వాడికి తెలియదు కనుక. మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ అరిసెలు వేస్తోంది. వాకిట్లో నిలబడి, "అత్తా, బెల్లం పాకం వాసనొస్తోందా?" అని అడిగాడు. వస్తోందిరా అంది. "ఎలా ఉంది?" అన్నాడు.